పరిచారకురాలు అంటే ఎవరు?

సదస్సుల్లో మధ్యాహ్న భోజనం తర్వాతి సమావేశం ఎవరికి ఇస్తారో మనందరికీ తెలుసు. పెద్దలు సగం మంది కార్లెక్కి వెళ్ళిపోయాక, మిగిలినవాళ్ళు కునుకు తీస్తుండగా ‘స్త్రీలు’ అనే అంశం వేదిక ఎక్కుతుంది. సాహిత్య సదస్సుల్లో ఆ సమావేశాలకు అధ్యక్షత వహించడంలో నాకు చాలా అనుభవమే వచ్చింది. అందుకే, ‘తొలి శతాబ్దాల క్రైస్తవం మీద విద్యార్థుల సదస్సు పెడుతున్నాం, రెండో రోజు మధ్యాహ్నం ఒక సమావేశానికి మీరు అధ్యక్షులుగా ఉండాలి’ అని ఫోనొచ్చినప్పుడు, ఏ సమావేశమో అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఆ కళాశాల పేరు ఇక్కడ చెప్పను. చెప్తే ఇదేదో ఆ ఒక్క కళాశాలకు పట్టిన జబ్బని మిగిలినవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. రెండో కారణం ఒక అమ్మాయి క్షేమం. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందన్నదే ఈ వ్యాసంలో సగం విషయం.

2025తో నికయా సభకు పదిహేడు వందల ఏళ్ళు నిండాయి. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించిన ఆ సభలో కూర్చుని విశ్వాస ప్రమాణాన్ని తేల్చినవాళ్ళు బిషప్పులు, అంటే పురుషులు. ఆ సందర్భంగానే ఈ సదస్సు పెట్టారు. పత్రాలు చదివినవాళ్ళు చరిత్రలో ఎం.ఏ. చేస్తున్నవాళ్ళు, వేదాంత కళాశాలల్లో బి.డి. చదువుతున్నవాళ్ళు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు నికయా సభ గురించి, 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో మట్టికుండలో దొరికిన గ్రంథాల గురించి, రోమా ప్రభుత్వం పెట్టిన హింసల గురించి తడబడుతూనే అయినా సొంత బుర్రతో మాట్లాడుతుంటే ముచ్చటేసింది. విద్యార్థులకు ఇలాంటి వేదిక కల్పించినవాళ్ళను మెచ్చుకోవాల్సిందే. నా కోపం సదస్సు పెట్టినందుకు కాదు, అందులో ఏది చరిత్రో ఏది కాదో తేల్చిన తీరు మీద.

మధ్యాహ్నం సమావేశంలో ఆ అమ్మాయి రోమా పత్రిక 16వ అధ్యాయం మీద పత్రం చదివింది. మా ప్రార్థనల్లో ఎవరూ పెద్దగా చదవని అధ్యాయం అది. ఫలానా వారికి వందనాలు, ఫలానా వారికి వందనాలు అంటూ పేర్ల జాబితా. పౌలు రాసిన ఆ జాబితాలో పదిమంది స్త్రీలు కనబడతారు. మొట్టమొదట కనబడేది కెంక్రేయ ఊరి ఫీబే. కెంక్రేయ కొరింథుకు రేవు. ఆ పత్రికను రోముకు తీసుకువెళ్ళింది ఆమేనని చాలామంది పండితులు భావిస్తున్నారు. ఆమెను పౌలు ‘దియాకొనొస్’ అన్నాడు. తనకూ, తోటి అపొల్లోకూ వాడుకున్న మాటే అది.

ఇక్కడ ఆ అమ్మాయి చెప్పిన విషయం నన్ను కునుకు లేకుండా కూర్చోబెట్టింది. ‘తెలుగు బైబిలు అనువాదకులను తిట్టడానికి లేదు’ అంది. వాళ్ళు ఫీబేకు ‘పరిచారకురాలు’ అని రాశారు. పౌలుకు, అపొల్లోకు ‘పరిచారకులు’ అనే రాశారు. ఫిలిప్పీ పత్రిక మొదట్లో అధ్యక్షుల పక్కన ఉన్న పురుషులూ ‘పరిచారకులే’. అనువాదంలో మాట ఒకటే. మన చెవుల్లోనే అది రెండుగా చీలిపోయింది. ‘ఫలానా అయ్యగారు ముప్ఫై ఏళ్ళుగా పరిచర్యలో ఉన్నారు’ అంటే ఆయన సంఘ కాపరి అని అర్థం చేసుకుంటాం. ‘ఫలానా అమ్మ ముప్ఫై ఏళ్ళుగా పరిచర్య చేస్తోంది’ అంటే గుడి ఊడ్చి, చాపలు పరిచి, పండక్కి వంట చేస్తోందని అర్థం చేసుకుంటాం. లింగాన్ని బట్టి ఒకే మాట పీఠం ఎక్కుతుంది, చీపురు పడుతుంది.

మాట పూర్తిగా తగ్గిపోయిన చోటు ఆ తర్వాతి వచనం. అక్కడ పౌలు ఫీబేను ‘ప్రొస్తాతిస్’ అంటాడు. అంటే అండగా నిలబడ్డ పోషకురాలు, నలుగురికి నీడనిచ్చిన పెద్ద దిక్కు. తెలుగులో అది ‘సహాయురాలు’ అయింది. అండ ఇచ్చినామె చేతికింద మనిషైపోయింది.

అదే అధ్యాయం ఏడో వచనంలో అంద్రొనీకు, యూనీయ అని రెండు పేర్లున్నాయి. అపొస్తలుల్లో పేరుపొందినవారని పౌలు వాళ్ళను మెచ్చుకుంటాడు. యూనీయ స్త్రీ. నాలుగో శతాబ్దంలో క్రిసొస్తొమ్ ఆమెను స్త్రీగానే గుర్తించి, అపొస్తలురాలు అనిపించుకోవడం ఎంత గొప్పో అని పొగిడాడు. తర్వాత కాలంలో, స్త్రీ అపొస్తలురాలు ఎలా అవుతుందన్న అనుమానం పండితులకు వచ్చింది. ఆమెను మగవాణ్ణి చేశారు. పండితులందరూ ఆధారంగా తీసుకునే నెస్లే వారి గ్రీకు పాఠంలో 1927లో ఆ పేరుకు పురుషనామపు స్వరం పెట్టారు. 1998 ముద్రణలో గానీ అది తిరిగి స్త్రీ కాలేదు. ఎల్డన్ జే ఎప్ 2005లో ఈ కథంతా ఒక పుస్తకంగా రాశాడు. ఒక స్త్రీ డెబ్భై ఏళ్ళు అచ్చులో మగవాడిగా బతికింది! తెలుగు బైబిల్లో ఈ గొడవ ఉన్నట్టే తెలియదు. ఎందుకంటే మనకు ‘వీరు’ అనే గౌరవవాచకం ఉంది. ‘వీరు’ కింద ఆడవాళ్ళున్నారో మగవాళ్ళున్నారో ఎవరూ అడగరు. అడగనంత కాలం మగవాళ్ళే ఉన్నట్టు.

ఇదంతా ఆ అమ్మాయి కొత్తగా కనిపెట్టింది కాదు. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెన్జా 1983లోనే తొలి క్రైస్తవాన్ని స్త్రీల వైపు నుంచి తిరగరాసింది. ఈ అమ్మాయి చేసింది దాన్ని తెలుగు మాటల్లో పరీక్షించి చూడటం. ఆ పని తెలుగు తెలిసినవాళ్ళే చేయగలరు. అంతవరకు సభలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం పత్రం రెండో సగానికి వచ్చింది.

రెండో సగంలో ఆమె తన తాతమ్మ గురించి రాసింది. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె ‘బైబిలు స్త్రీ’గా పనిచేసింది. ఆ చరిత్ర తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. లండన్‌లో 1857లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆమె, పేదవాడల్లోకి బైబిళ్ళు తీసుకెళ్ళే పనికి ఆ వాడల స్త్రీలనే జీతమిచ్చి పెట్టడంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. తర్వాత మిషన్లన్నీ ఆ పద్ధతిని పట్టుకున్నాయి. మా డెల్టాలోకి మిషనరీలు అంతకుముందే వచ్చారు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి నర్సాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వచ్చింది నలుగురు. చరిత్ర పుస్తకాల్లో ‘బౌడెన్, బీర్’ అని ఇద్దరే మిగిలారు. 1841లో మచిలీపట్నానికి, 1854లో ఏలూరికి చర్చి మిషనరీ సొసైటీ వచ్చింది. ఆ తర్వాత ఆకివీడు కెనడియన్ బాప్టిస్టుల కేంద్రం అయింది. వీళ్ళందరి నివేదికల్లోనూ బైబిలు స్త్రీలు ఉంటారు. ఎక్కువగా అంకెలుగా ఉంటారు.

ఎండలో, వానలో ఊళ్ళు తిరిగి, పాటలు నేర్పి, అక్షరాలు దిద్దించి, పురిటి మంచాల దగ్గరా చావు మంచాల దగ్గరా కూర్చున్నది ఈ స్త్రీలు. వాళ్ళలో చాలామంది వితంతువులు, చాలామంది మాల మాదిగ స్త్రీలు. ఆ అమ్మాయి తన అమ్మమ్మ నోట విన్న సంగతి ఒకటి చెప్పింది. పెద్దిళ్ళకు వెళ్తే తాతమ్మను పెరట్లో నేల మీద కూర్చోబెట్టేవారట. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు పలకలు ఒళ్ళో పెట్టుకుని, కింద కూర్చున్న ఆమె చెప్పిన అక్షరాలు దిద్దేవారట. తిరిగి వస్తూంటే ఆమె కూర్చున్న చోట నీళ్ళు చల్లేవారట. గురువు నేల మీద, శిష్యులు అరుగు మీద! స్త్రీవిద్య గురించి మనం రాసుకున్న చరిత్రల్లో ఈ దృశ్యం ఎక్కడుంది?

పత్రం ముగిశాక ఒక సీనియర్ ఆచార్యులు లేచారు. మర్యాదస్తులు, చదువుకున్నవారు. ‘బాగా చదివావమ్మా’ అని మొదలుపెట్టి మూడు మాటలన్నారు. ఒకటి, తొలి క్రైస్తవమంటే తొలి మూడు నాలుగు శతాబ్దాలు. మీ తాతమ్మ ఇరవయ్యో శతాబ్దం మనిషి. అది మిషన్ చరిత్ర, ఈ సదస్సు అంశం కాదు. రెండు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునే కబుర్లు ఆధారాలు కావు. మూడు, ఎన్ని చెప్పినా సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలే రాశాడు కదా. ఈ మూడో మాట ఆయన నవ్వుతూ అన్నారు. సభ కూడా నవ్వింది. తర్వాత సంచికకు పత్రాలు ఎంపిక చేస్తూ, మొదటి సగం వేసుకుంటాం, రెండో సగం తీసేయమని ఆమెకు కబురు పంపారు.

నవ్వుతూ అన్న మాటకు ముందు జవాబు చెప్తాను. ఎందుకంటే ఇలాంటి నవ్వులకు మనం జవాబు చెప్పకుండా వదిలేస్తుంటాం. మౌనంగా ఉండమన్న వచనాలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో 34, 35. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు సభలో ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగుండాలని ఉంది. మౌనంగా ఉండాల్సినవాళ్ళు ప్రవచించడం ఎలా? పైగా కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఈ రెండు వచనాలు ఉన్నచోట ఉండవు, అధ్యాయం చివరికి వెళ్ళిపోతాయి. అవి ఎవరో తర్వాత చేర్చినవని వాదించే పండితులు చాలామంది ఉన్నారు. కాదనేవాళ్ళూ ఉన్నారు. వాదన ఎటు తేలినా, ఇది నలుగుతున్న సమస్య అని విద్యార్థులకు చెప్పాల్సిన బాధ్యత ఆచార్యులది. సమస్యను దాచి వచనాన్ని మాత్రం విసరడం పాండిత్యం కాదు, పెత్తనం.

ఇంట్లో కబుర్లు ఆధారాలు కావన్న మాటకు జవాబు మన స్త్రీల ఉద్యమమే ఏనాడో ఇచ్చింది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటే అందులో ఆధారం. ఆ పుస్తకాన్ని ఇవాళ ఏ చరిత్ర శాఖా కాదనలేదు. ఇక తొలి క్రైస్తవ చరిత్రకారులకు నోటిమాట పనికిరాదనే హక్కు అసలే లేదు. సువార్తలే కొన్ని దశాబ్దాలు నోట నోట నడిచి ఆ తర్వాత రాతకెక్కాయి. ఆ నోటిమాటకు ఉన్న విలువ కొల్లేటి ఒడ్డున ఒక మాల అమ్మమ్మ మాటకు ఎందుకు లేదు? జల్లెడ పట్టి చూడమనండి, పోల్చి చూడమనండి, ఒప్పుకుంటాను. చూడకుండానే పక్కన పెట్టడం ఒప్పుకోను.

కొంచెం బలమున్న అభ్యంతరం మొదటిది. కొరింథు వేరు, కొల్లేరు వేరు. పద్దెనిమిది వందల ఏళ్ళ దూరాన్ని ఒక్క అంగలో దాటేస్తే చరిత్ర కథ అయిపోతుంది. నిజమే. బైబిలు స్త్రీ ఫీబే కాదు. ఫీబే వెనుక మిషన్ లేదు, దొరసాని లేదు, నెలజీతం లేదు, ఒక వలస ప్రభుత్వం లేదు. బైబిలు స్త్రీలు దొరసానుల పర్యవేక్షణలో పనిచేశారు. ఇల్లాలు ఎలా ఉండాలన్న ఇంగ్లీషు వాళ్ళ ఊహల్ని వాళ్ళలో కొందరు మన పేటల్లోకి మోసుకొచ్చారు కూడా. వాళ్ళను దేవతలను చేయమని నేను అడగడం లేదు.

నేనడిగేది ఒక్కటే. ‘తొలి’ అనేది తేదీ మాత్రమేనా? ఒక విశ్వాసానికి ఇంకా గుడి లేని, జీతాలు లేని, పీఠాలు లేని దశను కూడా ‘తొలి’ అంటాం కదా. ఆ దశలో ఎవరు ఏ పని చేశారు, పీఠాలు వచ్చాక ఎవరు ఎటు జరిగారు అన్నది తొలి క్రైస్తవ పరిశోధనలో అతి ముఖ్యమైన ప్రశ్న. మొదటి రెండు శతాబ్దాల్లో గుడి అని ప్రత్యేకంగా కట్టిన కట్టడం మనకు దొరకలేదు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దూరా యూరోపస్‌లో బయటపడిన, ఇంటినే గుడిగా మార్చిన కట్టడం కూడా సుమారు క్రీ.శ. 240 నాటిది. అంతకుముందంతా ఇళ్ళే. ఫిలిప్పీలో లూదియ ఇల్లు, ఎఫెసులో, రోములో ప్రిస్కిల్ల, అకులల ఇల్లు. ఇల్లే గుడి అయినన్నాళ్ళు ఇంటి ఆడవాళ్ళ మాటకు విలువ ఉంది. గుడి ఇల్లు దాటి బయటికి వెళ్ళిన కొద్దీ వాళ్ళు వెనక్కి జరిగారు.

ఇది నేను పుస్తకాల్లో చదవకముందే మా గణపవరంలో చూశాను. మా పేటలో ఒక చిన్న సంఘానికి మొదట్లో గుడి లేదు. మా ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఆదివారం కూడుకునేవారు. అయ్యగారు నెలకోసారి వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు మా అమ్మే పాట ఎత్తేది, వాక్యం చదివేది, ప్రార్థన చేసేది, కొట్టుకున్న మొగుడూ పెళ్ళాలకు రాజీ చేసేది. నాకు పదేళ్ళప్పుడు స్లాబు గుడి కట్టారు. ఇటుకలు మోసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. గుడి ప్రతిష్ఠ రోజు వేదిక మీద కుర్చీలు వేశారు. మా అమ్మ కింద చాప మీద కూర్చుంది. ‘అదేంటే అమ్మా?’ అంటే, ‘గుడి అయింది కదే, ఇంక అయ్యగారే చూసుకుంటారు’ అంది. ఆ మాటలో బాధ కూడా లేదు. కొరింథులో జరిగిందేమిటో అర్థం చేసుకోవడానికి నాకు ఆ చాప చాలా ఉపయోగపడింది. పోలిక ఆధారం కాదు, నాకు తెలుసు. కానీ ఏ ప్రశ్న అడగాలో పోలికే నేర్పుతుంది.

ఆ అమ్మాయి పత్రంలో తీసేయమన్న సగంలోనే ఇంకో పోలిక ఉంది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ, ఈ క్రైస్తవులతో ఏం చేయాలో తెలియక త్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవేతరులు క్రైస్తవుల గురించి రాసిన అతి పాత సాక్ష్యాల్లో అదొకటి. నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానని అందులో రాశాడు. వాళ్ళను ‘మినిస్త్రే’ అని పిలుస్తారని కూడా రాశాడు. లాటినులో ఆ మాటకు అర్థం పరిచారికలని. అంటే ఆ సంఘంలో బాధ్యత ఉన్న స్త్రీలు. పేర్లు రాయలేదు. మిషన్ నివేదికల్లో ‘ఒక బైబిలు స్త్రీ’ అన్న వాక్యాలు ప్లినీ వాక్యం పక్కన పెట్టి చూపించింది ఆ అమ్మాయి. ఆధారాలు ఎవరి చేతిలో ఉన్నాయి, పేరు రాయాలని ఎవరికి అనిపించలేదు అని అడిగింది. ఇది తొలి క్రైస్తవం కాకపోతే మరేమిటి?

మనల్ని కూడా ఇక్కడ ఒక మాట అనాలి. పెర్పెటువా గురించి మనం ఇష్టంగా చెప్పుకుంటాం. క్రీ.శ. 203లో కార్తేజిలో చంపబడేముందు చెరసాలలో తన సంగతి తానే రాసుకున్న యువతి. స్త్రీ తన చేత్తో రాసిన అతి కొద్ది ప్రాచీన రచనల్లో అదొకటి. ఆమెతో పాటు చనిపోయింది ఫెలిసిటస్ అనే బానిస. నిండు గర్భిణి, చెరసాలలోనే ప్రసవించింది. ఇద్దరి పేర్లూ కలిపే తలుచుకుంటారు. కానీ పెర్పెటువా మాట ఆమె చేతిరాతగా మనకు వచ్చింది, ఫెలిసిటస్ మాట ఇంకొకరు రాస్తే వచ్చింది. తెలుగు స్త్రీవాదంలోనూ ఇదే జరగలేదా? స్త్రీవిద్య అంటే 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల దగ్గర మొదలుపెడతాం, బండారు అచ్చమాంబ దగ్గరకు వస్తాం. రావాల్సిందే. కానీ పెరట్లో నేల మీద కూర్చుని అక్షరాలు చెప్పినామె దగ్గర ఆగం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చినప్పుడు దళిత స్త్రీలు ఎంతకాలంగా రాస్తున్నారో చూసి మనమే ఆశ్చర్యపోయాం. అంత ఆశ్చర్యం ఎందుకు కలిగిందో మాత్రం ఆలోచించలేదు. బైబిలు స్త్రీల మీద 2013లో జేమ్స్ ఎలీషా తానేటి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. మన సమావేశాల్లో దాని గురించి చర్చ జరగగా నేను వినలేదు. మతం అనగానే అది మన పని కాదనుకున్నాం. మతం మాత్రం మన అమ్మల్ని వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండో సగం తీసేయమన్న కబురు చూసి నాకు కోపమొచ్చి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పోట్లాడదాం, ఉత్తరం నేను రాస్తాను అన్నాను. అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత, ‘వద్దు మేడమ్, నేనే పత్రం వెనక్కి తీసుకుందామనుకుంటున్నాను. అచ్చులో నా పేరుతో అది వస్తే నా సర్టిఫికెట్ పోతుంది’ అంది.

ఆమెకున్నది ఎస్సీ కులధృవీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న దళితులకు బీసీ-సి అనే గది కేటాయించారు. అందులో రిజర్వేషను ఒక్క శాతం. ఎస్సీలపై అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఆ గదిలోకి రాదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే మతం మారినట్టు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మన కోస్తాకే చెందిన ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవాళ్ళు ఎస్సీ హోదా కోల్పోతారనీ అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు చేయలేరనీ తీర్పు ఇచ్చింది. ఈ వార్తలు చదువుకున్న దళిత అమ్మాయి, ‘మా తాతమ్మ బైబిలు స్త్రీ’ అని అచ్చులో ఎలా రాస్తుంది? తాతమ్మను ఒప్పుకుంటే ఫెలోషిప్ పోతుంది. ఫెలోషిప్ నిలుపుకోవాలంటే తాతమ్మను మరిచిపోవాలి. గుడిలో కుర్చీ ఇవ్వరు, బయట కులం వదలదు, కులానికి పరిహారంగా ఇచ్చిన హక్కు మాత్రం గుడి పేరు చెప్పి తీసేస్తారు. పెరట్లో ఆమె కూర్చున్న చోట నీళ్ళు చల్లినవాళ్ళు బాప్తిస్మం అయిందా లేదా అని అడిగి చల్లారా?

నేను ఇదంతా నా పేరుతో రాయగలుగుతున్నానంటే అందులో నా ధైర్యం ఏమీ లేదు. నాది బీసీ-సి. మా నాన్న పట్టుదల వల్ల అలా మిగిలింది. ఆ పట్టుదలకు మా ఇంట్లో చెల్లించిన మూల్యం వేరే కథ. నాకు పోయేది ఇంక పెద్దగా లేదు కనుక రాస్తున్నాను. పోయేది ఉన్నవాళ్ళను పిరికివాళ్ళని అనే హక్కు నాకు లేదు, మనలో ఎవరికీ లేదు.

ఆ సదస్సు ఆచార్యులకు ఈ సంగతి తెలియదు. ఆ అమ్మాయి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన దృష్టిలో ఆయన రెండో సగాన్ని పద్ధతి ప్రకారం తీసేశారు. కానీ చూడండి, ఆయన పద్ధతీ ప్రభుత్వపు ఉత్తర్వూ చేసిన పని ఒక్కటే. ఒకరు ‘ఇది చరిత్ర కాదు’ అన్నారు, ఇంకొకరు ‘ఇది నీ చరిత్ర అయితే మూల్యం చెల్లించు’ అన్నారు. ఇద్దరి మధ్యా ఒక స్త్రీ మళ్ళీ పేరు లేకుండా పోయింది.

2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్పు అయినప్పుడు మా పేట ఆడవాళ్ళు పత్రికలో ఫోటో కత్తిరించి గోడకు అంటించుకున్నారు. ఆ ఫోటో వల్ల చాప మీద కూర్చున్నవాళ్ళు కుర్చీల్లోకి రాలేదు. ఒక్కరు పైకి వెళ్తే సరిపోదు, కింద ఉన్నవాళ్ళు చేసిన పని లెక్కలోకి రావాలి. అందుకని నేను కోరేవి పెద్ద కోరికలు కావు. తొలి క్రైస్తవం మీద సదస్సు పెట్టేవాళ్ళు స్త్రీల పత్రాలను ఉదయం పూట పౌలు మీద, నికయా మీద పత్రాలతో కలిపి పెట్టండి. యూనీయ సంగతి ‘స్త్రీల అంశం’ కాదు, మూలపాఠం అంశం. వేదాంత కళాశాలల్లో చేరిన అమ్మాయిలను సండే స్కూలు పాఠాలవైపు మళ్ళించకుండా గ్రీకు నేర్పండి. మిషన్ నివేదికల్లో అంకెలుగా ఉన్న స్త్రీల పేర్లు, వాళ్ళ మనవరాళ్ళు బతికుండగానే, అడిగి రాయండి. ఇక స్త్రీవాదులం మనం, దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా ప్రశ్నను సంఘాల వాళ్ళ గొడవ అనుకోవడం మానేసి మన ప్రశ్న చేసుకుందాం. ఆ హోదా లేనంత కాలం కొంతమంది స్త్రీల చరిత్ర రాయడం వాళ్ళకు అపాయంగానే ఉంటుంది.

ఆ అమ్మాయి చివరికి పత్రం వెనక్కి తీసుకుంది. సంచిక వచ్చింది, విషయసూచికలో ఫీబే లేదు. ‘మీరు రాయండి మేడమ్, నా పేరు మాత్రం వద్దు’ అంది. రాశాను. ప్లినీ ఆ ఇద్దరు స్త్రీల పేర్లు రాయలేదు, రాయాలని అతనికి తోచలేదు. నేనూ ఈ అమ్మాయి పేరు రాయలేదు, రాస్తే ఆమె బతుకు పోతుంది. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ యాభై ఏళ్ళ తర్వాత ఈ పత్రిక తిరగేసే పరిశోధకురాలికి రెండుచోట్లా దొరికేది పేరు లేని ఆడమనిషే.

ఆ పత్రం ప్రతి ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. రెండు సగాలూ ఉన్నాయి, మొదటి పేజీ మీద ఆమె పేరూ ఉంది. ఆమె ఎప్పుడు సరేనంటే అప్పుడు, ఆ పేరుతోనే అచ్చు వేయిస్తాను.